ప్లాట్‌ఫారం మీద ఇద్దరు గైడులు

తొంభైల్లో కిరండోల్ బండి అరకు స్టేషన్లో ఆగిందంటే దిగినవాళ్లందరూ నా కోసమే వెతికేవారు. గుహలూ జలపాతాలూ చూడాలంటే నా వెంటే చూడాలని మద్రాసులో కూడా చెప్పుకునేవారు. సరే, మద్రాసు తీసేయండి. విశాఖపట్నంలో ఒక లాడ్జి గుమస్తా చెప్పేవాడు. అదీ, నేను అతనికి తేనె సీసా పంపిన నెలల్లో.

అలాంటి నా రాజ్యంలోకి సరిహద్దు అవతలి నుంచి ఒక ఒడియా గైడు దిగాడు. నెత్తిన టోపీ, మెడలో బైనాక్యులర్, నోట్లో బెంగాలీ. లోయకి వచ్చే యాత్రికుల్లో బెంగాలీలే ఎక్కువాయె. నాకు ఏడు భాషలు వచ్చని చెప్పుకునేవాణ్ణి గాని, చాలావాటిలో "రండి", "టీ" దాటి నడవలేను. చూస్తూండగానే బండి దిగినవాళ్లు అతని జీపెక్కడం, నేను ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు ఒలుచుకోవడం అలవాటైపోయింది. ఇంట్లో పొయ్యి మీద అంబలి తప్ప ఇంకోటి ఉడకడం మానేసింది.

ఊరిపెద్ద దగ్గర పంచాయితీ పెట్టాను. "పైరాష్ట్రపోడు వచ్చి మన కొండలు సూపించడవేటి?"

ఆయన చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించాడు. "రేపు ఇటుకల పండగ వేటకి ఇద్దరూ రండి. మనోడెవడో పైవోడెవడో ఆడోళ్లు తేలుస్తారు. మనోడిదే టేసను."

ఇటుకల పండగకి మగవాళ్లం విల్లంబులతో అడవికి పోవాలి. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పొలిమేరలోనే పేడనీళ్లు కుమ్మరిస్తారు, వరస చూసుకుని మరీ వెక్కిరిస్తారు. అడవిలో జంతువులు ఎప్పుడో పలచబడ్డాయి కాబట్టి ఏటా దాదాపు అందరం తడిసేవాళ్లమే.

ఆ రోజు నాకు ఏనుగంత అడవిపంది ఎదురైంది. గురి చూసి బాణం వదిలాను. అంటే, పొదలో ఏదో కదిలింది, నేను చెట్టెక్కాను. పైనుంచి చూస్తే అది ఉడత. పేడనీళ్లు పడితే స్టేషన్ పోతుందనుకున్నాను. దారిలో ఎదురైన ఒకాయన చంకలోని నాటుపుంజును కొని, మెడ విరిచి, భుజాన వేసుకున్నాను.

పొలిమేరలో ఆడవాళ్లు కుండలతో, వాళ్ల వెనక బెంగాలీ యాత్రికులు కెమెరాలతో సిద్ధంగా ఉన్నారు. నాకు వరసకు అత్తయ్యే ముసలామె పుంజు కాలు పట్టుకుని చూసింది.

"అడవికోడేనా అల్లుడా?"

"అడవికోడే అత్తా. ఎగిరిపోతంటే కొట్టినాను."

"మరి కాలికి ఈ పురికొస ఏటి? అడవిలో దీన్నెవులు కట్టీసినారు?"

నా భార్య నవ్వాపుకోలేక కుండ కింద పెట్టేసింది. నేను పుంజును వదిలేసి కాఫీ తోటలోకి పరుగెత్తాను.

వెనకే ఒడియా గైడు ఉత్త చేతులతో వచ్చాడు. బైనాక్యులర్ ఒక యాత్రికుడి మెడలో వేసి, టోపీ, చొక్కా తీసి, మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు.

"బేగి పొయ్యండమ్మా. మా ఊళ్లో వదినలైతే ఈపాటికి రెండో కుండ కూడా పోసీసేవోళ్లు."

వాళ్ల చైత్ర పండగలోనూ ఇదే మర్యాదట. సరిహద్దు గీసినవాళ్లు పేడనీళ్లు పంచడం మరచిపోయినట్టున్నారు.

అతన్ని నిండా తడిపి ముసలామె తీర్పు చెప్పింది. "తల వంచినోడు మనోడు. పారిపోయినోడు పైవోడు."

చెట్ల చాటునే ఉన్న నేను బయటికొచ్చి మోకరిల్లాను. "అత్తా, నాకూ పొయ్యి."

"నీకో కుండ సాలదు అల్లుడా. వేట లేనందుకొకటి, పుంజుకొకటి."

రెండోది నా భార్యే పోసింది, తీరిగ్గా.

వాగులో కడుక్కుంటుంటే ఒడియా గైడు నా వీపు రుద్దుతూ, "బెంగాలీవోళ్లు నాకు, తెలుగోళ్లు నీకు. సరేనా బావా?" అన్నాడు. నేను పెద్దమనసుతో ఒప్పుకున్నాను. నిజానికి అతను ఆ మాట అనేదాకా నేనే అతని చెయ్యి వదల్లేదు.

ఆ తరవాత బండి ఆగినప్పుడల్లా అతను నన్ను చూపించి బెంగాలీలో ఏదో చెప్పేవాడు. లోయలో నాకంటే గొప్ప వేటగాడు లేడని చెప్తున్నాడని ఇంట్లో అన్నాను. పురికొస కట్టిన కోడిని వేటాడిన మనిషి నేనేనా అని ఆ యాత్రికులు చేతి సైగలతో అడుగుతుంటే అవునని తలూపేవాణ్ణి. ఫోటోకి నిలబడేవాణ్ణి కూడా.