చిన్నల్లుడి కారు చప్పుడు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వొస్తుంది. నేను మెకానిక్‌ని. బండిలో చప్పుడు వస్తే దానికో కారణం ఉంటుంది. బేరింగ్ పోయిందో, బోల్టు వదులైందో వెతికి పట్టుకోవడమే ఇన్నేళ్లుగా నా బతుకుదెరువు. కారణం దొరకని చప్పుడు నా జీవితంలో ఒక్కటే. దాన్ని తయారు చేసింది కూడా నేనే.

రెండు వేల ఆరు ప్రాంతంలో ఏన్కూరులో నాకు చిన్న షెడ్డు ఉండేది. నా భార్య చెల్లెలి భర్త రవికి భద్రాచలంలో సర్కారు నౌకరీ. మా వైపు ఈ వరసను సడ్డకుడు అంటాం. సడ్డకుల మధ్య ప్రేమ ఎంతుంటుందో ఇద్దరల్లుళ్లున్న ఇళ్లవాళ్లకు చెప్పనక్కర్లేదు.

రవి ఒక పాత ఎర్ర పెట్రోలు కారు కొన్నాడు. "అన్నా, బండి వస్తుంటే ఊరంతా తెల్వాలె" అన్నాడు. సైలెన్సర్ డబ్బా కోసేసి సూటి గొట్టం వెల్డింగ్ చేశాను. కార్బొరేటర్‌లో పెట్రోలు కాస్త ఎక్కువ పారేలా తిప్పాను. ఇక మంచి వేగంలో ఉండగా యాక్సిలేటర్ మీంచి కాలు తీస్తే, కాలకుండా మిగిలిన పెట్రోలు వేడి గొట్టంలో అంటుకుని పేలుతుంది. ఆ కారుకు వరసగా రెండు, కాస్త ఆగి ఒకటి. టప్ టప్... టప్. ఇంకే బండీ అలా పేలగా నేను వినలేదు.

మా అత్తగారిది పెనుబల్లి దగ్గర పల్లె. ఊరి మొదట్లో మామిడితోట మలుపు. రవి సరిగ్గా అక్కడ కాలు తీసేవాడు. మూడు టప్పులు వినపడగానే మా అత్త నీళ్ల చెంబుతో గేటు దగ్గరికి వచ్చేది. "చిన్నల్లుడు వచ్చిండు!" కోడిని పట్టడానికి మామ దొడ్లోకి పరుగు. నా కూతురు, అప్పటికి ఆరేళ్లది, "చిన్నాన్న కారు!" అంటూ రోడ్డెక్కేది.

నేనూ వచ్చేవాణ్ని. తల్లాడలో బస్సు మారి, దిగి, కిలోమీటరు నడిచి. గుమ్మంలో నిలబడి దగ్గితే గానీ ఎవరూ చూసేవారు కాదు. "ఎప్పుడొస్తివి అయ్యా?" అనేది అత్త, బియ్యం చెరుగుతూనే. కాళ్లకు నీళ్లు గోలెంలోంచి నేనే ముంచుకునేవాణ్ని. ఆ ఇంటికి మొదటి అల్లుణ్ని! చప్పుడేమో నా చేతి పని, మర్యాదేమో అతనికి. దాచేదేముంది, కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

ఆ వానాకాలం కారు సర్వీసింగ్‌కి నా దగ్గరికి వచ్చింది.

"రవీ, నువ్వు తిరిగేది అడవి రోడ్డు. చెక్‌పోస్టు కాడ గీ చప్పుడుకు తుపాకీ అనుకుంటే నీ గతేంది? తీసేద్దాం" అన్నాను.

అబద్ధం కాదు. మా దిక్కున ఆ రోజుల్లో టప్పుమంటే జనం ముందు నేల మీద కూర్చుని, తర్వాత ఏమిటని అడిగేవారు. కానీ నేను తీసింది అందుకు కాదు. రవి భయపడి ఒప్పుకున్నాడు. మామూలు సైలెన్సర్ బిగించి పంపి, కోసిన గొట్టాన్ని షెడ్డు అటక మీద పడేశాను. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

తర్వాతి ఆదివారం బస్సు దిగి నడుచుకుంటూ పోయాను. పట్టపగలు, పదకొండు గంటలు. భార్యా కూతురూ ముందే అక్కడున్నారు. గేటు దగ్గర అత్త నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. నా గుండె ఉప్పొంగింది. ఆమె చూపు మాత్రం నా వెనక్కి పోయింది.

"చిన్నోడేడి? కారు మలుపుల్నే ఆపిండా?"

"ఏ కారత్తా? నేను బస్సుల వచ్చిన."

"గట్లెట్ల? ఇప్పుడే మూడు టప్పులు ఇన్నం గదా!"

మామ విన్నాడు. నా భార్యా విన్నది. కూతురు రోడ్డు మీదికి ఉరికొచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. ఆ ఆగడం నేనింకా మర్చిపోలేదు. రవికి ఫోన్ చేస్తే భద్రాచలంలోనే ఉన్నాడు. గోదావరి పెరిగిందని వాళ్లకు సెలవులు ఇవ్వలేదట.

ఏదో బండి అయి ఉంటుందిలే అనుకున్నాను. మళ్లీ పోయినప్పుడూ అదే. చెప్పకుండా ఒక బుధవారం పోయాను. ఇంకోసారి పొలం గట్ల మీదుగా పోయాను. నేను చేరేముందు మలుపు దగ్గర టప్పులు వినపడ్డాయన్నారు. చివరికి నా భార్యను ముందే పంపి గేటు దగ్గర కూర్చోమన్నాను, నేను వెనక బస్సులో వచ్చి మలుపులో నిలబడ్డాను. ఇద్దరి చేతులకూ గడియారాలు. పదీ ఇరవైకి విన్నానని ఆమె చెప్పింది. పదీ ఇరవైకి నేనక్కడే ఉన్నాను. దూరంగా మోటారు పంపు తప్ప నాకేమీ వినపడలేదు. మెకానిక్ చెవి నాది, వాషరు అరిగినా వినపడుతుంది.

భయమేసింది. గొట్టం మళ్లీ బిగిస్తానని రవితో అన్నాను.

"వద్దన్నా. నువ్వు జెప్పిందే మంచిదయింది, బండి నిమ్మలంగున్నది. నీ మేలు మర్వ" అన్నాడు.

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

రెండేళ్లు గడిచేసరికి ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. టప్పులు వినపడితే వచ్చేది నేనే. "పెద్దల్లుడు వస్తున్నడు" అని అత్త చెంబు పట్టుకునేది. కోడి నాకు కోసేవారు. కూతురు "నాన్నా" అంటూ ఉరికొచ్చేది. రవి సడీ చప్పుడూ లేకుండా వచ్చి, నాలాగే గుమ్మంలో దగ్గేవాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, భయం పోయి నాకు హాయిగా ఉండేది. కారణం వెతకడం మానేశాను.

ఒక ఎండాకాలం ఆదివారం ఎప్పటిలాగే పోయాను. గేటు దగ్గర ఎవరూ లేరు. గుమ్మంలో నిలబడి దగ్గాను. అత్త చేటలోంచి తలెత్తింది.

"నువ్వా అయ్యా? టప్పులు ఇనరాలె గదా, ఎవరో అనుకున్న."

ఇంటికి తిరిగొచ్చాక తెలిసింది. ముందురోజు నా భార్య షెడ్డు సర్దుతూ అటక మీది ఇనుమంతా పాత సామాన్లవాడికి వేసేసింది. గొట్టంతో సహా. వాడి కొట్టుకు ఉరికాను. లోడు అప్పటికే ఖమ్మం పోయిందన్నాడు.

తర్వాత ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. అటక మీద పడున్న గొట్టం అన్ని మైళ్ల అవతల మలుపులో ఎట్లా పేలింది? నాకొక్కడికే ఎందుకు వినపడలేదు? ఎన్ని ఇంజన్లు విప్పినా నాకిది అంతుపట్టలేదు. రవి మీద కుళ్లు ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఆ చప్పుడు మీదే కుళ్లు. మా అత్త ఎదురొచ్చింది ఎప్పుడైనా దానికే. ఆ ఆదివారం కాళ్లకు నీళ్లు గోలెంలోంచి మళ్లీ నేనే ముంచుకున్నాను.