పెద్దమ్మ చంపని పిల్లి

నల్లమల అంచున ఉన్న మా ఊళ్లో మా పెద్దమ్మంత దయగలామె ఇంకొకరు లేరు. పిల్లిని చంపితే పాపమని ఎవరినీ చంపనిచ్చేది కాదు. ఎవరింట్లో పిల్లికి గజ్జి పట్టినా తనే గోనెసంచిలో వేసుకుని, వాగు దాటి, అడవిలో వదిలి వచ్చేది. వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "పాపం మనకెందుకు బిడ్డా" అనేది. ఊరంతా మెచ్చుకునేది. వాగవతల ఏం జరిగిందో ఎవరూ అడగలేదు.

పోయిన ఏడాది ఆమె సొంత పిల్లికే చెవుల మీద బొచ్చు ఊడి పొక్కులు లేచాయి. పెద్దమ్మ సంచి దులుపుతుండగా ఫారెస్టు సారు వచ్చి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. అందులో ఒక అడవిపిల్లి ఉంది. ముఖమంతా పొక్కులు కట్టి దాని కళ్లు మూసుకుపోయాయి.

"అయ్యో, దీనికి గింత గజ్జి ఎట్ల తగిలింది సారూ?"

"నువ్వు వదిలిన పిల్లులతోనే అంటుకుందమ్మా. గజ్జి పురుగు ఒకదాని మీదికెళ్లి ఇంకోదాని మీదికి పాకుతది. గిట్లయితే అడవిల ఒక్కటి మిగలదు. నీ పిల్లినన్న వదలకు. మందు పెట్టిచ్చి ఇంట్లనే ఉంచుకో."

పెద్దమ్మ బిత్తరపోయింది. "ఇంట్లనా? మా ఇంట్ల మనుషులుంటరు సారూ. మాకు అంటుకోదా?"

సారు పక్కనే ఉన్న నా వంక చూశాడు. నేను పెద్దమ్మ వంక చూశాను. చివరికి పిల్లిని నేనే తెచ్చుకున్నాను. పశువుల దవాఖానకు తిప్పి, చేతుల నిండా గీరించుకున్నాక దానికి కొత్త బొచ్చు మొలిచింది.

పెద్దమ్మ ఇప్పుడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా దాన్ని ఒళ్లో పెట్టుకుని నిమురుతుంది.

"చూసినవా బిడ్డా, ఆనాడు నేను చంపలే గనకనే ఇయాల బతికింది" అంటుంది.