దారి కాదది, బోదె

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అంటే అననీండి. పాలబ్బాయి కొలిచి పోసినా చెంబులోకి తొంగి చూస్తాను. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఆవిడ "గుడ్డ మీటరుందండీ" అంటే టేపు తీసి కొలుస్తాను. అలాంటిదాన్ని, మా చేను వెనక లేఅవుట్ వెయ్యబోయే మనిషి ఎదురొచ్చి మరీ "అక్కయ్యగారూ, బాగున్నారా?" అని పలకరిస్తే ఊరుకుంటానా? ఆ నవ్వు చూడగానే నాకు ఒళ్ళు మండింది.

కంకిపాడు దాటి లోపలికి వెళ్తే మా పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఉంది. నా పేరున ఈ భూమ్మీద ఉన్నది అదొక్కటే. పెద్ద కాలువ తూములోంచి చేలకి నీళ్ళు తెచ్చే పిల్ల కాలువని మా వైపు బోదె అంటారు. ఆ బోదె పైచేలన్నీ తడుపుకుంటూ వచ్చి, ఊరి రోడ్డుని ఆనుకున్న నా చేలో ఆగుతుంది. అది పూడిందంటే నా ఎకరం ఎండినట్టే. ఇంకో దారిన చుక్క నీరు రాదు.

ఆ నవ్వులాయన నా వెనక చేలు కొన్నాడు. ప్లాట్లు వేయడానికి ప్లానింగ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాడు. రోడ్డుంటే తప్ప లేఅవుట్‌కి అనుమతి రాదు. ఆయన చేలకి రోడ్డు లేదు. పాత నక్షలో నా చేను పక్కన రెండు గీతలున్నాయి. అవి బోదె గీతలని ఊళ్ళో పిల్లికి కూడా తెలుసు. ఈయనేమో అది బళ్ళు తిరిగే డొంక అని, మెరక చేసి రోడ్డు వేసుకుంటానని రాశాడు. అభ్యంతరాలుంటే చెప్పుకోమని పంచాయతీ గోడకి నోటీసు అంటించారు. ఊళ్ళో అందరూ చదివారు, నోరెత్తిందాన్ని నేనొక్కదాన్నే.

"నీకెందుకే వాళ్ళతో? లేఅవుట్ వస్తే మన ఎకరానికీ రెక్కలొస్తాయి" అన్నారు మా ఆయన.

"రెక్కలొచ్చి ఎగిరిపోతే నేనేం దున్నుకోవాలండీ?" అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

స్థలం చూడటానికి ఆఫీసువాళ్ళు ఎప్పుడొచ్చారనుకున్నారు? మంచి ఎండాకాలంలో, కాలువలు కట్టేశాక. ఏటా వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. అప్పుడు బోదెలన్నీ ఎండి నెర్రెలు విచ్చుతాయి. గట్టు మీద ఇరుకని అందరూ బోదెలోకే దిగి సైకిళ్ళూ బళ్ళూ తోలుకుపోతారు. ఆ రోజుల్లో చూస్తే అది దారి కాదని ఎవరూ అనరు. కావాలనే ఈ టైము చూసి పిలిపించాడని నా అనుమానం.

ప్లానింగ్ ఆఫీసరు జీపు దిగాడు. నోట్లో నాలుక లేనట్టున్నాడు. రాగానే ఆ నవ్వులాయన కొబ్బరిబొండాం కొట్టించి చేతికిచ్చాడు. ఈయన గడగడా తాగేశాడు. అయిపోయింది, నా ఎకరం ఆ బొండాంతో పాటే గొంతులోకి దిగిపోయిందనుకున్నాను.

అయినా వదల్లేదు. "అయ్యా, ఇది దారి కాదండీ, బోదె. నీళ్ళు పారేది" అంటున్నాను. అంతలో బోదెలోంచే దుమ్ము రేపుకుంటూ ఒక బండొచ్చి సరిగ్గా మా ముందు ఆగింది. ఎవరా అని చూద్దును కదా, మా ఆయన! చేతిలో నా గొడుగు.

"ఎండలో నిలబడ్డావని తెచ్చానే" అన్నారు.

నవ్వులాయన పగలబడి నవ్వాడు. "దారి కాదంటారేంటక్కయ్యగారూ, బావగారు బండి మీద వస్తుంటే!" పక్కనున్న మనిషి టకటకా ఫోటోలు తీశాడు. నా ముఖాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. ఇంటికొచ్చాక ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. "నీ మంచికి తెస్తే నన్నంటావేంటే?" అన్నారు. నిజమే కదా, పాపం, గొడుగు పట్టుకొచ్చారు కదా అని మనసు చివుక్కుమంది. ఒక్క విషయం మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది. ఆ బండి కొత్తది. దుమ్ము పడుతుందని ఆయన దాన్ని సిమెంటు రోడ్డు దిగనివ్వరు.

తర్వాత బెజవాడ ఆఫీసులో అనుమతులిచ్చే కమిటీ కూర్చుంది, అభ్యంతరం చెప్పినదాన్ని కాబట్టి నన్నూ పిలిచారు. ఏసీ గది, పొడుగు బల్ల, చుట్టూ పెద్దలు. ఒక్కో దరఖాస్తూ ఇలా పెట్టడం, అలా పంపడం. మా వంతు వచ్చేసరికి గోడ మీద ఫోటో వేశారు. బోదెలో మా ఆయన, బండి, నా గొడుగు. బల్ల చుట్టూ అందరూ ముసిముసిగా నవ్వారు.

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "ఎండాకాలం కృష్ణలో ఇసుక మీద పిల్లలు క్రికెట్ ఆడతారండీ. అంతమాత్రాన అది గ్రౌండైపోద్దా?" అన్నాను.

అప్పుడు ఆ బొండాం తాగిన ఆఫీసరే గొంతు సవరించుకున్నాడు. "కాలువలు వదిలాక ఇంకోసారి చూసొస్తాను సార్" అన్నాడు. కమిటీ పెద్దాయన సరేనన్నాడు. నేను మాత్రం అప్పుడూ నమ్మలేదు. ఇందులో ఇంకేం మెలికుందో అనుకుంటూ బస్సెక్కాను.

కాలువలు వదిలారు. ఆఫీసరు వస్తాడన్న ముందు రోజు సాయంత్రం చేలోకి వెళ్ళి చూసుకున్నాను. బోదె నిండుగా పారుతోంది. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఎంత సంతోషమేసిందో!

తెల్లారి వెళ్తే బోదెలో నీళ్ళు లేవు. అడుగున బురద తప్ప ఏమీ లేదు.

అప్పటికే జీపు వచ్చేసింది. "చూశారా సార్, కాలువ వదిలినా ఇటు నీళ్ళే రావు" అంటున్నాడు నవ్వులాయన. ఆఫీసరు బోదెలోకి దిగి నిలబడి, "ఏమ్మా, నీళ్ళేవీ?" అన్నాడు. గట్టు మీదున్న మా ఆయన ముందుకొచ్చారు. "పైన ఎక్కడో గండి పడుంటుంది. ఎండలో నువ్వెందుకే, ఉండు, నేను చూసొస్తా" అన్నారు.

"మీరుండండి" అని నేనే పరిగెత్తాను.

పెద్ద కాలువ నిండుగా ఉంది. తూము దగ్గర మాత్రం చప్పుడు లేదు. దిగి చెయ్యి పెడితే లోపల మెత్తగా తగిలింది. గడ్డి కూరిన గోనెసంచి. రెండు చేతులా పట్టి, కాలు తన్నిపెట్టి లాగాను. సంచి నాతో పాటు వెనక్కి పడింది. నీళ్ళు ఒక్కసారిగా బోదెలోకి దూకాయి. లేచి, ఆ సంచి చంకన పెట్టుకుని నీళ్ళ వెంట పరిగెత్తాను.

నేను చేరేసరికే ఆఫీసరు బూట్లు తడిశాయి. ఆయన పక్కకి జరగలేదు. ప్యాంటు పైకి లాక్కుని, నా చేలోకి మళ్ళుతున్న నీళ్ళని అలాగే చూస్తూ నిలబడ్డాడు. "ఇది బోదేనమ్మా" అన్నాడు. ఆ మనిషి ఒక్క బొండానికే అమ్ముడుపోయాడనుకున్నాను నేను. నవ్వులాయన ఫోను చెవిన పెట్టుకుని దూరంగా వెళ్ళిపోయాడు. దారి లేదన్న కారణంతో ఆ దరఖాస్తు కమిటీలో కొట్టేశారు.

నీళ్ళు పారిన ఆ రోజు మాత్రం నాకు గెలిచినట్టు అనిపించలేదు. గట్టు మీద కూర్చుని సంచిలో గడ్డి దులిపాను. మూల చిరిగిన చోట ఆకుపచ్చ దారంతో కుట్టు ఉంది. కిందటేడు ఎవరిదో జాకెట్టు కుట్టగా మిగిలిన దారం. ఆ గొలుసుకుట్టు నాది. ఆ సంచి మా దొడ్లో తవుడు పోసుకునేది.

తలెత్తి చూశాను. మా ఆయన బండి దగ్గర నిలబడి అద్దం తుడుస్తున్నారు.

ఇంటికొచ్చి సంచి శుభ్రంగా ఉతికి, ఆయన కుర్చీకి ఎదురుగా తీగ మీద ఆరేశాను, కుట్టు కనబడేలా. ఆయన చూశారు. మధ్యాహ్నం కంచం పెట్టి అన్నం వడ్డించాను, పప్పు వేశాను, నెయ్యి కూడా వేశాను. ఆయనకి పొలమారి, నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపారు. గ్లాసు లేదు. కాసేపు నా వంక చూసి, లేచి వెళ్ళి కుండలోంచి ఆయనే నీళ్ళు ముంచుకున్నారు.