రహీమ్ బాబాయి నేర్చిన చైనా భాష

“వీడికి మాటలు అసలే రాకపోతే ఏం చెయ్యాలి?”

భార్గవి ఆ మాట పైకి అనేసింది. అన్నాక భయం ఇంకా పెరిగింది. ఆమె కొడుకు హర్షకు రెండున్నరేళ్లు నిండాయి. అమ్మ, తాత, బువ్వ. అంతకు మించి మాట లేదు. నరసరావుపేటలో డాక్టరు చెవులు పరీక్ష చేయించి, వినికిడి బాగానే ఉందన్నాడు. వారానికోసారి మాటలు నేర్పే ఆమె దగ్గరికి తీసుకెళ్తున్నారు. భార్గవి ఎమ్మెస్సీ జువాలజీ చదివింది. కాగితం మీద పెట్టందే ఏదీ నమ్మదు. రోజూ బొమ్మల కార్డులు ముందేసి, ఇదేంటి, అదేంటి అని వాణ్ణి అడుగుతుంది. పలికితే రాసుకుందామని పక్కనే నోట్‌బుక్కు. నెల రోజులుగా అందులో ఏమీ పడలేదు. కార్డులు కనబడితే వాడు మంచం కింద దూరుతున్నాడు. ఉద్యోగానికి సెలవు పెట్టిందన్న మాటే గానీ ఆమెకు ఒళ్లు తేలికపడ్డ పూట లేదు.

ఆ మాట విన్నవాడు ఇంటి యజమాని అబ్దుల్ రహీమ్. మాచర్లలో మోటార్లకు తీగ చుట్టే పని ఆయనది. ఇంటి వరండాయే షాపు. భార్గవి వాళ్లుండేది ఆ మేడ మీద వాటాలో. యాభై ఏడేళ్ల మనిషి, రెండేళ్లుగా చైనా భాష నేర్చుకుంటున్నాడు. పత్తికి, మిరపకు మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు ఆయన దగ్గరికి రిపేరుకొస్తాయి. అవి చైనావి, లోపలి రాతలన్నీ ఆ భాషలోనే. ఒకసారి ఏ తీగ ఎక్కడిదో తెలియక తప్పుగా కలిపాడు. ఒక రైతు కొత్త మోటారు కళ్లెదుటే కాలిపోయింది. ఆ రైతు పల్లెత్తు మాట అనకుండా వెళ్లిపోవడం ఆయన్ను చాలా రోజులు తిననివ్వలేదు. అప్పటినుంచి ఫోనులో ఒక చైనా మెకానిక్ వీడియోలు పెట్టుకుని, వింటూ తీగ చుడుతున్నాడు.

ఆ సాయంత్రం ఆ మాట అనేసి భార్గవి ఆయన వరండాలో చతికిలబడింది. హర్ష తీగ అయిపోయిన ఖాళీ రీళ్లు దొర్లిస్తున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, లైటును చైనా భాషలో ఏమంటారని రహీమ్‌ను అడిగింది. ఆయన నోరు తెరిచి మూసేశాడు. పోనీ ఫ్యానును? అదీ రాలేదు.

లోపలినుంచి ఆయన భార్య జీనత్ అందుకుంది. “నేను పిలిస్తే పలకడు. ఆ చైనాయనకు మాత్రం పొద్దస్తమానం ఊ కొడతాడు. ఇప్పుడు ఆ ఊ కూడా పోయింది.”

రహీమ్ నవ్వలేదు. చేతులు తుడుచుకుని వీడియో పెట్టి పనిలో పడ్డాడు. కాసేపటికి, ఫోనులో మనిషి ఇంకా అనకముందే, ఈయన నోటివెంట వరసగా మాటలు వచ్చాయి. ఎర్ర తీగ, నల్ల తీగ, ఇక్కడ బిగించు అని వాటి అర్థమట.

“ఇందాక రాలేదే బాబాయ్?” అంది భార్గవి.

“ఇందాక నువ్వు అడిగినావు గదమ్మా. అడిగితే గొంతు పట్టుకుపోద్ది. ఎనిమిది నెలలు ఒక్క ముక్క రాలా నాకు. ఆ చైనాయన నన్ను ఏమీ అడగలా. ఆయన పని చేసుకుంటా చెప్పుకుపోయాడు.”

భార్గవి కొడుకు వైపు చూసింది. వాడు రీళ్లు దొర్లించుకుంటూనే ఉన్నాడు.

మూడు వారాలైంది. కార్డులు అటక మీదికెక్కాయి. బియ్యం కడుగుతూ బియ్యం కడుగుతున్నానని, బట్టలు ఆరేస్తూ ఇది నాన్న చొక్కా అని ఆమె చెబుతూనే ఉంది. గోడకు చెప్పినట్టే ఉంటుంది. కొత్త మాట ఒక్కటీ రాలేదు. వాడు మాత్రం ఇప్పుడు పారిపోవడం లేదు, వచ్చి పక్కన కూర్చుంటున్నాడు. భయం పోలేదు. అయినా ఆమె నడుచుకుంటున్నది ఆ సాయంత్రం తాను లేచి వస్తుంటే రహీమ్ అన్న మాట ప్రకారమే.

“వాణ్ణేం అడగమాక. చెప్తా ఉండు. చానా అలిసిపోయిన పూట చెప్పను గూడా చెప్పమాక, ఊరికే పక్కన కూర్చో.”