నరసమ్మ అత్త ఫోటోకి దండ

చాలా ఏళ్లుగా దీన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. దించుకుందామంటే మనిషి దొరకలేదు. దొరికినవాళ్ల మీద నమ్మకం కుదరలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను. అయినా ఒక కన్ను మీ మీదే ఉంచి చెబుతున్నాననుకోండి. నేను అనుమానపు పక్షిని. మా ఇంట్లో అందరూ అనే మాటే.

జంషెడ్‌పూర్‌లో ఒక పరిశోధనశాలలో పని చేస్తాను. రొమ్ము క్యాన్సర్ మెదడుకి ఎలా పాకుతుందో చూడటం మా పని. క్యాన్సర్ కణాలకు మిణుగురు పురుగు జన్యువు ఎక్కించి, ఎలుక గుండెలోకి సూదితో వదులుతాం. కొన్నాళ్లకు ఆ ఎలుకను చీకటి పెట్టెలో ఉంచి చూస్తే కణాలు చేరినచోట వెలుగు కనిపిస్తుంది. తల వెలిగిందంటే మెదడుకి చేరాయన్నమాట. వినడానికి దారుణంగానే ఉంటుంది. కానీ ఏ మందు మెదడు దాకా వెళ్లగలదో తెలుసుకోవడానికి మాకు అంతకంటే మంచి దారి దొరకలేదు.

నరసమ్మ అత్త జంషెడ్‌పూర్‌లోనే, బారిడీహ్ పేటలో మా పక్కింటావిడ. చుట్టరికం ఏమీ లేదు. రెండిళ్లవాళ్లమూ శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లమేనని వరస కలిపేసుకున్నాం. ఆవిడ భర్త సూర్నారాయణ మావయ్య ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. అత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చి తలలోకి పాకింది. ఆపరేషన్‌లో తీసిన ముక్కలో కొంత మా ల్యాబుకి ఇవ్వమని ఆవిడే ఒప్పుకుంది. “నాకు రాని మందు రేపు ఇంకో ఆడదానికి వత్తాదేమో, తీసుకోవే,” అంది. కొన్ని నెలలకు పోయింది.

కణాలు మాత్రం బతికాయి. ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. పళ్లెం అడుగున గుంపులు గుంపులుగా, నెమ్మదిగా, అడుగు వెయ్యమంటే వెయ్యనన్నట్టు పెరిగేవి. వాటిని చూస్తే అత్తే గుర్తొచ్చేది.

ఇక నా తప్పు. కణాలకు తిండిగా ఎర్రటి ద్రవం పోస్తాం, మీడియా అంటాం. ఏ రకం కణాల సీసా దానికే ఉండాలి. ల్యాబులో అడుగుపెట్టిన మొదటి రోజే నేర్పే నియమం అది. నాకు తెలీక కాదు. కానీ నా సీసాలు ఎవరో వాడేస్తున్నారని, ద్రవం పీల్చే గొట్టం, పిపెట్ అంటాం, దాన్ని మురికిగానే ముంచుతున్నారని నాకు అనుమానం. ద్రవం ఎంతవరకు ఉందో గీత గీసి, మర్నాడు తగ్గిందేమో చూసుకునేదాన్ని. ఒక్కరోజూ తగ్గలేదు. అయినా అనుమానం పోలేదు. చివరికి ఇన్ని సీసాలకు కాపలా కాయలేక ఒక్కటే ఉంచుకుని, ఫ్రిజ్‌లో వెనక మూలన దాచేశాను. అత్త కణాలకూ, ల్యాబులో ఎప్పటినుంచో ఉన్న పాత రకం క్యాన్సర్ కణాలకూ అందులోంచే పోశాను. ఏదో ఒక రోజు పాత కణాలను తాకిన పిపెట్ మళ్లీ ఆ సీసాలో ముంచి ఉంటాను. అంతే చాలు. అవి కలుపు మొక్కల్లాంటివి, పక్కవాటిని బతకనివ్వవు.

ఉన్నట్టుండి అత్త కణాలు గబగబా పెరగడం మొదలుపెట్టాయి. ఎలుకల తలలు వెలిగాయి. మా ల్యాబు పెద్దాయన “కమాల్ హో గయా!”, అద్భుతం జరిగిందని పొంగిపోయారు. నెమ్మది కణాలు ఇంత జోరందుకున్నాయంటే వాటిలో వేరేవి కలిశాయేమోనని నాకు మాత్రం అనుమానం. ఎవరు చేశారీ పని? చూడండి, అప్పుడు కూడా నా మీద అనుమానం రాలేదు! గుట్టుగా డీఎన్ఏ పరీక్ష చేయించాను. అవి పాత కణాలే. అత్తది ఒక్కటీ లేదు. అంతకుముందే గడ్డకట్టించి దాచిన అత్త కణాలను కరిగించి చూశాను. బతకలేదు.

నోరు మెదపలేదు. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? అందరి మీదా కన్నేసినదాన్ని చివరికి దొంగను నేనే అయ్యానని నవ్వుతారనా? రెండోదే అనుకుంటాను. ఆ సిగ్గు కోసం, ఎలుకల మీద పరీక్షించిన మందుల ఫలితాలన్నీ అత్త కణాల పేరునే పోనిచ్చాను. ఇంకో ఆడదానికి మందు వస్తుందని ఆవిడ ఇచ్చిందే, ఆ ఇంకో ఆడదాన్ని కూడా మోసం చేశాను.

ఒకరోజు మావయ్య ల్యాబుకి వచ్చాడు, చూస్తానని. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను.

“ఏటమ్మా, ఇయ్యేనా?”

“అవే మావయ్యా.”

“బతికే ఉన్నాయా?”

“ఉన్నాయి. బాగా పెరుగుతున్నాయి.”

చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

“ఇంత బేగీ? మీ అత్త ఏ పనీ బేగి సేసీది కాదు గదమ్మా. కూర తరగడానికే పొద్దు పోయీది.” నవ్వాడు. “సర్లే, నువ్వు సెప్తే నిజమే.”

ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. మామూలుగానే అన్నాడా? పసిగట్టి అన్నాడా? సంవత్సరీకానికి మా అమ్మ దండ తీసుకెళ్తే, అత్త ఫోటోకి వెయ్యనివ్వలేదు. “బతికున్న మనిసికి దండేటి? మీ పాప కాడ ఉంది గదా,” అని నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముంది? పరీక్షా? నమ్మకమా? అప్పట్నుంచి సాక్చి బజారులో కనబడినా “మీ అత్త బాగుందా?” అని అడుగుతాడు. బాగుందంటాను. ఆయన ముఖంలో అనుమానం కోసం వెతుకుతాను. నాలాంటిదానికి అది దొరక్కపోవడం కంటే నరకం లేదు.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఆయన క్షమిస్తాడో లేదో ఊహించుకోవడం కూడా మానేశాను. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఒక మనిషికి నిజం చెప్పాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఇంకోసారి చెప్పనివ్వండి, నోటికి అలవాటవ్వాలి.

నరసమ్మ అత్త మా ల్యాబులో లేదు. ఆ ఫోటోకి దండ వెయ్యాలి.