పుంగనూరులో బస్సు దిగిపోయిన రోజు

నేను బస్సు దిగిపోవడానికి కొన్నాళ్ల ముందు ఒకరోజు మా అబ్బాయి శేఖర్ మగ్గం మీంచి అప్పుడే దించిన పట్టుచీర తెచ్చి నా ముందు పరిచాడు. అంచులో ఒకచోట జరీ పోగు తప్పింది. అది చూసి కూడా, "బాగుండాదిలే, తీసకపో" అన్నాను. మదనపల్లెలో నలభై ఏళ్లు మగ్గం నేసినవాణ్ణి. తప్పు కనబడితే ఎవరి చీరైనా ఊరుకునేవాణ్ణి కాదు. ఆ రోజు మాత్రం నాకేమీ అనిపించలేదు. అబ్బాయి వెళ్లాక గోడవైపు తిరిగి పడుకున్నాను.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్లు. కొన్ని నెలల ముందు మోషన్‌లో రక్తం పడితే మొలలనుకున్నాను. కుప్పంలో ఆసుపత్రికి పోతే కొలనోస్కోపీ, బయాప్సీ చేసి పెద్దపేగులో కేన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది. తర్వాత మూడు వారాలకోసారి, మొత్తం ఎనిమిది కీమోలన్నారు. ఆ మాట విన్నప్పుడు కూడా నేను కుంగిపోలేదు.

రెండో కీమో తర్వాత వేళ్లు తిమ్మిరెక్కాయి. చల్లటి నీళ్లు తాకితే సూదులు గుచ్చినట్టుండేది. అది మామూలేనని డాక్టర్ ముందే చెప్పారు. ఇంకోటి మాత్రం ఎవరూ చెప్పలేదు. అన్నం, స్నానం, గడ్డం గీసుకోవడం, చుట్టాల పలకరింపు, ఏదీ వద్దనిపించేది. ఏడుపు కూడా రాలేదు. నా వల్ల ఇంటిల్లిపాదీ అలసిపోతున్నారన్న ఆలోచన ఒక్కటే వదిలేది కాదు. కీమో నీరసమని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. డాక్టర్ ఎప్పుడడిగినా "బాగుండాను సార్" అనేవాణ్ణి.

నాలుగో కీమోకి పోతూంటే పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. లేచి దిగిపోయాను. నా భార్య నాగమ్మ సంచీ, ఫైలు పట్టుకుని వెనకే దిగింది.

"యాడికయ్యా? బస్సు పోతాది."

"నేను రాను. ఇంక సాలు. నన్నిట్లే పోనీ."

"నొప్పిగా ఉండాదా?"

"నొప్పి గాదు. ఏమీ లేదు నాకు. ఏమీ లేదు."

ఆమె తిట్టలేదు. పుంగనూరులోనే ఉండే మా కూతురు భారతిని ఫోన్ చేసి పిలిపించింది. "మీ నాయన్ని ఒంటరిగా ఇడ్సొద్దు" అని నన్ను అప్పగించి, ఫైలు చంకన పెట్టుకుని తర్వాతి బస్సెక్కింది. నాగమ్మకు చదువు రాదు. ఒక్కతే కుప్పం పోవడం అదే మొదటిసారి. దారి పొడుగునా వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ వెళ్లిందట.

డాక్టర్ ముందు కూర్చుని నేను దాచినవన్నీ చెప్పింది. అన్నం వదిలేస్తున్నానని, మనవరాలు పిలిచినా పలకడం లేదని, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో కోడలికి పదేపదే చెబుతున్నానని.

రెండు రోజుల తర్వాత నాగమ్మ, భారతి ఇద్దరూ నన్ను తీసుకెళ్లారు. కీమో పెట్టకపోతేనే వస్తానని చెప్పి వెళ్లాను. డాక్టర్ మమ్మల్ని సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆ డాక్టరమ్మ చిన్న వయసామె. కుర్చీ దగ్గరికి జరుపుకుని సూటిగా అడిగింది.

"చచ్చిపోవాలనిపిస్తాందా పెద్దాయనా?"

అంతవరకూ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "అనిపిస్తాందమ్మా" అన్నాను. పక్కన భారతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది ఉత్త కీమో నీరసం కాదు. డిప్రెషన్. దీనికి మందులుండాయి. ట్రీట్‌మెంట్ వద్దనుకుంటే ఆపొచ్చు, అది మీ ఇష్టం. కానీ వద్దంటాండేది మీరో, ఈ డిప్రెషనో ముందు తేలనివ్వండి."

మాత్రలు వెంటనే పనిచేయలేదు. వాంతులు, మగత. పదో రోజు మాత్ర కిటికీలోంచి పారేశాను. నాగమ్మ చూసి డాక్టరమ్మకు ఫోన్ చేయించింది. మందు మార్చారు. మూడు నాలుగు వారాలు పడుతుంది, మానొద్దన్నారు. నాలుగో వారంలో ఒక పొద్దున ఆకలేసింది. రాగిసంగటి, అందులోకి చెనక్కాయలు నూరిన ఊరిబిండి కావాలన్నాను. నాగమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె కళ్లు తుడుచుకోవడం నాకు కనిపించింది.

ఆ తర్వాత కీమో నేనే అడిగి పెట్టించుకున్నాను. ఆరోదాని తర్వాత రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరాల్సొచ్చింది. మనసు మళ్లీ మొద్దుబారింది. ఈసారి దాచలేదు. "అమ్మా, అది మళ్లా వచ్చినట్టుండాది" అన్నాను. డోసు పెంచారు. మెల్లగా తేరుకున్నాను.

కీమోలు ముగిసి ఏడాది దాటింది. ప్రస్తుతానికి కేన్సర్ కనిపించడం లేదంటున్నారు. వేళ్ల తిమ్మిరి పోలేదు, మగ్గం మీద కూర్చోలేను. డిప్రెషన్ మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. అలసట ఉంది. కొన్ని రోజులు లేవబుద్ధి కాదు. అలాంటి రోజున ఆ సంగతి ఇంట్లో చెప్పేస్తాను.

కేన్సర్ వైద్యం చేయించుకుంటున్న పెద్దవాళ్లకు తోడుగా వెళ్లేవాళ్లకు నాదొక్కటే మాట. బయట బెంచీ మీద కూర్చోకండి. లోపలికి రండి. ఇంట్లో మీరు చూసింది డాక్టర్‌కి చెప్పండి. మేము చెప్పం.