ఖాలా అడిగిన పేరు

ఉల్లిపాయలు నేతిలో ఎర్రబడే వాసన వస్తే చాలు, నా మనసు పాతబస్తీ జహనుమాలోని ఆ మేడమీది రెండు గదుల్లోకి వెళ్లిపోతుంది. ఇవాళ స్నేహితురాలు సునీత కోసం చికెన్ పులావ్ వండుతున్నాను. భర్త పోయినప్పటి నుంచి సరిగా తినడం లేదని వాళ్ల అక్క ఫోన్ చేసి చెప్పింది. పొయ్యి ముందు నిలబడగానే, పక్కనుంచి జుబేదా ఖాలా "మంట తగ్గించు బేటీ" అంటుందేమోనని ఒక్క క్షణం ఆగాను. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచేదాన్ని గానీ ఆమె మా ఇంటి యజమానురాలు. కింద ఆమె ఉండేది, పైన మేం అద్దెకుండేవాళ్లం. నెలలు నిండాక నాకు పుట్టిన పాప ఏడవలేదు. ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన నన్ను చూడడానికి చుట్టాలంతా వచ్చారు. "చిన్నదానివే, మళ్ల పుడ్తరు తియ్" అన్నారు. పాప కోసం కుట్టిన బట్టలు నా కంట పడకుండా తీసేశారు. మా ఆయన డ్యూటీకి పోతే, సాయంత్రం దాకా గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. తిండి మానేశాను.

ఒకరోజు ఖాలా కోడిమాంసం గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఎన్నడూ ఆ మెట్లు ఎక్కని మనిషి.

"లే బేటీ, బియ్యం కడుగు."

"తినబుద్ధయితలేదు ఖాలా."

"తినుమని ఎవరన్నరు? కడుగుమన్న, గంతే."

లేచాను. కోడి ఉడికిన నీళ్లలోనే బియ్యం పోసి ఆమె మూతపెట్టింది. అన్నం మగ్గేదాకా ఇద్దరం నేలమీద కూర్చున్నాం. అప్పుడడిగింది, "పాపకు ఏం పేరు పెడ్దామనుకున్నవ్?"

అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. "మేఘన" అన్నాను. ఆ పేరు నేను పైకి పలకడం అదే మొదలు.

"మేఘనా..." అని ఖాలా మెల్లగా అంది. "మస్తు మంచిగున్నది."

ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గాక వేడి పులావ్ పళ్లెంలో పెట్టింది. తిన్నాను.

తర్వాత నాకు కొడుకు పుట్టాడు. ఖాలా వాణ్ని ఎత్తుకున్నప్పుడల్లా "మేఘన తమ్ముడు" అనేది. మా అత్తగారు ముఖం చిట్లించినా మానలేదు. ఆమె పోయాక నా బిడ్డను పేరుతో తలిచేవాళ్లు ఎవరూ లేరు. కొన్ని సాయంత్రాలు ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.

సునీత వచ్చింది. పళ్లెం ముందు కూర్చుని అన్నం కెలుకుతోందే తప్ప ముద్ద నోట్లో పెట్టడం లేదు. ఆమె ముందు భర్త ఊసు రాకుండా అందరూ జాగ్రత్తపడుతున్నారని నాకు తెలుసు.

"రవన్న ఉంటే ఈ పులావ్‌కు ఏమనేటోడు?" అని అడిగాను.

తలెత్తింది. కళ్లు నిండాయి. "ఏమంటడు? నిమ్మకాయ ఏదనేటోడు. చాయ్‌ల గూడ పిండుకునేటోడు ఆ మనిషి" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ తర్వాత రవి గురించి చెబుతూనే ఉంది. నేను మాట కలపకుండా విన్నాను. మధ్యలో ఎప్పుడో, తనకు తెలియకుండానే, తినడం మొదలుపెట్టింది.